మనవాళ్లెవరు? ఎయిరిండియా పైలట్ల సమ్మెల కథ

నేనుండేది మధురానగర్‌లో. ఇక్కణ్ణుంచి అమీర్‌పేట వైపు నడిస్తే సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్యలో కేబిన్ క్రూ, ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ కోర్సుల బోర్డులు కూడా కనిపిస్తాయి. 2008 మార్చి దాకా విమానాశ్రయమే పక్కన బేగంపేటలో ఉండేది. అది శంషాబాద్ వెళ్లిపోయింది, చదువులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఆ బోర్డుల మీద టై, టోపీ, చిరునవ్వు ఉంటాయి. యూనియన్ అన్న మాట మాత్రం ఏ బోర్డు మీదా చూడలేదు.

పైలట్లకి యూనియన్ ఏమిటి, లక్షల్లో జీతాలు కదా అని చాలామంది అంటారు. ఆ ప్రశ్నని కొట్టిపారేయలేం, దాని దగ్గరికి మళ్లీ వద్దాం. కానీ మన దేశంలో పైలట్ల సమ్మెల చరిత్ర చదివితే జీతం కన్నా పెద్ద ప్రశ్న ఒకటి కనబడుతుంది. సంఘం అన్నప్పుడు ‘మనవాళ్లు’ అంటే ఎవరు?

కథ 1953 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది ఎయిర్ కార్పొరేషన్స్ చట్టంతో విమానయానం ప్రభుత్వపరమైంది. నిజాం ప్రభుత్వ వాటాతో బేగంపేట నుంచి నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. విదేశాలకు తిరిగే ఎయిరిండియాని మాత్రం వేరే కార్పొరేషన్‌గా ఉంచారు. అలా దేశంలో తిరిగే పైలట్లు ఒక ఇంట్లో, సముద్రాలు దాటే పైలట్లు ఇంకో ఇంట్లో పెరిగారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల శిక్షణ కేంద్రం మన హైదరాబాద్‌లోనే, ఫిరోజ్‌గూడ దగ్గర ఉండేది. వీళ్ల సంఘం ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ (ఐసీపీఏ). వాళ్ల సంఘం ఇండియన్ పైలట్స్ గిల్డ్ (ఐపీజీ). విమానాలు వేరు, సీనియారిటీ లిస్టులు వేరు, జీతం లెక్కగట్టే పద్ధతీ వేరే.

2007లో ఈ రెండు కంపెనీలనూ విలీనం చేశారు. కంపెనీ పేరు ఒకటైంది, విమానాల రంగు ఒకటైంది. జీతాల పుస్తకాలు మాత్రం రెండుగానే ఉండిపోయాయి.

నాలుగేళ్లు చూశాక, 2011 ఏప్రిల్ 26 అర్ధరాత్రి నుంచి ఐసీపీఏ సమ్మెకు దిగింది. సుమారు 800 మంది పైలట్లు. మొదటి డిమాండ్ సమాన జీతం. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకి చేతికొచ్చే డబ్బులో పెద్ద భాగం ఎగిరిన గంటల మీద ఆధారపడేది. యాజమాన్యం విమానాలు తగ్గిస్తే, తప్పు ఎవరిదైనా కోత మాత్రం వీళ్ల జేబుకే. అందుకే ఎగిరినా ఎగరకపోయినా ఇన్ని గంటలకు జీతం ఖాయం అనే హామీ కావాలన్నారు. సంస్థలో జరిగిన అవకతవకల మీద సీబీఐ విచారణ కూడా అడిగారు.

యాజమాన్యం వెంటనే నాయకుల్ని డిస్మిస్ చేసింది, సంఘం గుర్తింపు రద్దు చేసింది, ఆఫీసులకి తాళాలు వేసింది. ఢిల్లీ హైకోర్టు పనిలోకి వెళ్లమంది, వెళ్లకపోతే కోర్టు ధిక్కారం కేసు మొదలుపెట్టింది. అయినా పది రోజులు నిలబడ్డారు. మే 6 రాత్రి రాజీ కుదిరింది. డిస్మిసైన వాళ్లు వెనక్కి వచ్చారు, గుర్తింపు తిరిగొచ్చింది. జీతాల సంగతి జస్టిస్ ధర్మాధికారి కమిటీకి వెళ్లింది.

ఆ పది రోజులూ ఐపీజీ సమ్మెలోకి దిగలేదు. దూరప్రయాణాల విమానాలు నడుస్తూనే ఉన్నాయి. వాళ్ల వైపు నుంచి చూస్తే ఇందులో ద్రోహమేమీ లేదు. సమానత్వం పేరుతో పంపకం మొదలైతే తమ వాటా తగ్గుతుందని భయపడ్డారు. ఎవరి పుస్తకం వాళ్లు కాపాడుకోవాలనుకున్నారు. ఒకే యజమాని కింద రెండు పుస్తకాలున్నంత కాలం ఆ భయం న్యాయంగానే అనిపిస్తుంది. యజమానికి కావలసిందీ అదే.

మరుసటి ఏడాది పాత్రలు తారుమారయ్యాయి. 2012 మార్చిలో బేగంపేట పాత విమానాశ్రయంలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన జరిగింది. ఎయిరిండియా రంగులు వేసుకున్న బోయింగ్ 787 డ్రీమ్‌లైనర్‌ని అందులో జనానికి చూపించారు. రెండు నెలలు తిరక్కముందే సరిగ్గా ఆ విమానం మీదే గొడవ మొదలైంది. దాని శిక్షణకి ముందు ఎవరు వెళ్లాలి?

ఐపీజీ వాదన ఇది. 27 డ్రీమ్‌లైనర్లను ఆర్డర్ చేసింది విలీనానికి ముందున్న ఎయిరిండియా. వాటిని నడుపుతామన్న ఆశతో ఏళ్ల తరబడి కమాండర్ ప్రమోషన్ కోసం ఎదురుచూసింది మేము. ఇప్పుడు సగం సీట్లు వాళ్లకి ఇస్తే మా వరుస ఇంకెన్నేళ్లు వెనక్కి పోతుంది? ఐసీపీఏ వాదన ఇంకోటి. కంపెనీ ఒకటైనప్పుడు మీ విమానం, మా విమానం ఏమిటి? అప్పులు ఉమ్మడి అయినప్పుడు కొత్త విమానాలూ ఉమ్మడే కదా?

రెండూ బలమైన వాదనలే. ఉమ్మడి కుటుంబం ఆస్తి పంపకాల్లో వినబడే మాటల్లాగే ఉన్నాయి. ఈ రెండిటినీ సంఘాలు ఒక గదిలో కూర్చుని తేల్చుకోవలసింది. అలా కూర్చోలేదు. 2012 మే 7 రాత్రి నుంచి ఐపీజీ పైలట్లు ‘ఒంట్లో బాగోలేదు’ అని సెలవు పెట్టడం మొదలైంది. ఆ సమ్మె 58 రోజులు సాగింది. గుర్తింపు పోయింది, వందమందికి పైగా డిస్మిసయ్యారు, చివర్లో కొందరు నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఈసారి దేశంలో తిరిగే విమానాలు ఆగలేదు, వాటిని నడిపేది ఐసీపీఏ వాళ్లు కనుక. జులై 3న ఢిల్లీ హైకోర్టులో సమ్మె విరమిస్తున్నామని చెప్పి గిల్డ్ వెనక్కి వచ్చింది. పెద్ద హామీ ఏదీ చేతికి రాలేదు. ఎవరి కోసం అంత కొట్టుకున్నారో ఆ డ్రీమ్‌లైనర్ సంస్థ చేతికి వచ్చింది సెప్టెంబర్‌లో.

ఒంట్లో బాగోలేదు అనే ఎత్తుగడ గురించి కొంచెం చెప్పాలి. 2009 సెప్టెంబర్‌లో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు కూడా ఇదే పని చేశారు. సంఘం పెట్టుకున్నందుకు సహచరుల్ని తీసేశారన్నది వాళ్ల గొడవ. ఎందుకీ దొంగచాటు దారి? పారిశ్రామిక వివాదాల చట్టం విమాన సేవల్ని ప్రజోపయోగ సేవల్లో పెట్టింది. అక్కడ సమ్మెకు ముందు నోటీసివ్వాలి, ఇచ్చాక 14 రోజులు ఆగాలి, కార్మిక శాఖ రాజీ చర్చలు నడుస్తుంటే సమ్మె చేయకూడదు. ఈలోగా యాజమాన్యం కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటుంది. అందుకని జ్వరం వస్తుంది.

పైలట్లలోనే ఈ దారి మీద పెద్ద చర్చ ఉంది. కావాలంటే మందలిస్తారు గానీ సమ్మె అన్న ముద్ర పడదు కదా అంటారు కొందరు. అబద్ధపు సర్టిఫికెట్‌తో మొదలైన పోరాటానికి జనం దగ్గర నైతిక బలం ఎక్కడిదంటారు ఇంకొందరు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. సమ్మె అంటే మా డిమాండ్ ఇదీ అని పది మందికి చెప్పుకోవడం. జ్వరం వచ్చిందన్నవాడు డిమాండ్ చెప్పలేడు. పైగా ఎయిర్‌పోర్టులో పడిగాపులు పడే ప్రయాణికుడికి ఈ పైలట్ ఎందుకు రాలేదో అర్థం కాదు, అర్థమయ్యేది కోపం ఒక్కటే.

లక్షల జీతాల ప్రశ్న ఇక్కడే వస్తుంది. 1989 ఆగస్టులో ఆస్ట్రేలియా పైలట్లు 29.47 శాతం పెంపు అడిగారు. అప్పుడు ఆ దేశంలో ప్రభుత్వానికీ కార్మిక సంఘాల సమాఖ్యకీ మధ్య ఒప్పందం ఉంది, పెంపు 6 శాతం దగ్గర ఆగాలని. మిగతా కార్మికులంతా ఆ గీత లోపల ఉంటే పైలట్లు మాత్రం బయటికొచ్చారు. మొదట ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకానే పనిచేస్తామన్నారు, తర్వాత మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు. ప్రధాని బాబ్ హాక్ ఒకప్పుడు అదే కార్మిక సమాఖ్యకి అధ్యక్షుడు. ఆయనే వైమానిక దళం విమానాలు దింపి ప్రయాణికుల్ని తరలించాడు. మిగతా సంఘాలు అండగా రాలేదు. పైలట్లు ఓడిపోయారు. జీతం ఎక్కువన్నది వాళ్ల ఓటమికి కారణమని నేననుకోను. ‘మనవాళ్లు’ అన్న గీతని కాక్‌పిట్ తలుపు దగ్గరే గీసుకున్నారు, అందుకని అవసరానికి బయట ఎవరూ మిగల్లేదు.

ఈ విషయంలో మనకి దగ్గరి మనిషి ఒకాయన ఉన్నారు, వి.వి. గిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, రాష్ట్రపతి కాకముందు రైల్వే కార్మిక సంఘాల్లో పనిచేసినవాడు. 1952 నుంచి కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు ఆయన పట్టు ఒకటే. వివాదాన్ని ట్రిబ్యునల్‌కి అప్పజెప్పడం అలవాటైతే సంఘాలు బలపడవు, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకోవడమే నేర్చుకోవాలి అనేవారు. దీన్ని ‘గిరి విధానం’ అని పిలిచారు. 1952లో నైనిటాల్‌లో జరిగిన ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్‌లో దాని మీద పెద్ద చర్చే నడిచింది. యాజమాన్యాలు ఒప్పుకోలేదు, ప్రభుత్వమూ ఒప్పుకోలేదు, చాలా సంఘాలే ఒప్పుకోలేదు. చివరికి 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పుని ప్రభుత్వం మార్చినందుకు ఆయన రాజీనామా చేశారు. ఐసీపీఏ, ఐపీజీల కథ చూస్తే ఆయన భయం అర్థమవుతుంది. 2011 గొడవ కమిటీకి పోయింది, 2012 గొడవ కోర్టుకి పోయింది. బేరం మాత్రం ఎక్కడా జరగలేదు.

విలీనం అన్న మాట వినగానే మన తెలంగాణ పాఠకులకి ఆర్టీసీ గుర్తొస్తుంది. 2019 అక్టోబర్ 5న మొదలైన సమ్మెలో దాదాపు 48 వేల మంది, అన్ని సంఘాలూ కలిసిన జేఏసీ. ఐక్యత విషయంలో పైలట్ల కన్నా వీళ్లు ఎన్నో రెట్లు మెరుగు. ‘సెల్ఫ్ డిస్మిస్’ అన్న మాట అప్పుడే విన్నాం. నవంబర్ 14న విలీనం డిమాండ్‌ని జేఏసీ పక్కన పెట్టింది, 25న సమ్మె విరమించింది. తర్వాత డిపోల్లో యూనియన్ల స్థానంలో సంక్షేమ కమిటీలొచ్చాయి. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం విలీనం బిల్లుని తనంతట తాను అసెంబ్లీలో పెట్టింది. అడిగింది దొరికింది, కానీ అడిగే గొంతుకి అప్పటికి బలం లేదు. బేరంలో వచ్చినదానికీ, వరంగా వచ్చినదానికీ తేడా అది. వరమిచ్చినవాడు షరతులు కూడా తనే రాసుకుంటాడు.

పైలట్ల కథలో ఆఖరి మలుపు ఇలాంటిదే. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో కొత్త జీతాల ఒప్పందం వచ్చింది. అందులో హామీ గంటలు 40. అంతకుముందు ఉన్నవి 70. నాలుగేళ్లు దాటిన కమాండర్లని మేనేజ్‌మెంట్ కేడర్‌లో చేర్చే మాట కూడా ఉంది, అంటే అనుభవమున్న వాళ్లంతా సంఘం పరిధి దాటిపోతారు. అప్పుడు ఐసీపీఏ, ఐపీజీ ఒక్కటయ్యాయి! సంతకాలు చేయొద్దని ఇద్దరూ కలిసి సభ్యులకి చెప్పారు. 1,500 మందికి పైగా పైలట్లు రతన్ టాటాకి విజ్ఞప్తి పంపారు. కానీ ఒప్పందం వచ్చింది సంఘాల టేబుల్ మీదికి కాదు, ఒక్కొక్కరి ఇన్‌బాక్స్‌లోకి, గడువు తేదీతో సహా. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆ ఈమెయిల్ చదివే మనిషికి ఈఎంఐలు గుర్తొస్తాయి, పక్కవాడు సంతకం పెట్టేశాడేమోనన్న అనుమానం వస్తుంది. ఒక్కొక్కరుగా సంతకాలు పెట్టారు.

మరుసటి ఏడాది, 2024 ఏప్రిల్‌లో, ఎయిరిండియాలో కలవబోతున్న విస్తారా పైలట్ల దగ్గరికి అదే 40 గంటల కాగితం వచ్చింది. మళ్లీ విలీనం, మళ్లీ హామీ గంటలు, మళ్లీ జ్వరాలు. వందకు పైగా విమానాలు రద్దయ్యాయి, కంపెనీ రోజుకి పాతిక ముప్ఫై విమానాలు తగ్గించుకుంది. నవంబర్‌లో విలీనం జరిగిపోయింది.

2011లో ఐసీపీఏ కోరిన హామీ గంటల కోసం ఐపీజీ అప్పుడే పక్కన నిలబడి ఉంటే 2023 వేరేగా ఉండేదా? ఖాయంగా చెప్పలేం. కానీ ఒకరి పుస్తకంలో కోత పడితే రేపు రెండో పుస్తకం తెరుచుకుంటుందని మాత్రం ఈ పన్నెండేళ్లు చూపించాయి. ఎదుటివాడి డిమాండ్‌లో మనకి ఏం నష్టమని లెక్కేసుకున్నంత సులువుగా, ఎదుటివాడి ఓటమిలో మనకేం నష్టమని లెక్కేసుకోం.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ జ్వరాల దారిని కూడా గమనించింది. ఒకే రోజున సగం మంది, అంతకు మించి, కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే దాన్నీ సమ్మెగానే లెక్కిస్తుంది. 14 రోజుల నోటీసు నిబంధన ఇప్పుడు ప్రజోపయోగ సేవలకే కాదు, అన్ని పరిశ్రమలకీ. చాటు దారులు మూసుకుపోతే మిగిలేది గిరి చెప్పిన కష్టమైన దారే. ముందు మనలో మనం బేరమాడుకోవాలి, ఆ తర్వాత ఒక్క గొంతుతో ఎదుటివాడితో.

ఇది చదువుతున్నవాళ్లలో చాలామందికి అప్రైజల్ లెటర్ ఈమెయిల్లోనే వస్తుంది. అది వచ్చిన రోజు పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఎంత వచ్చిందో అడగరు, మీకెంత వచ్చిందో చెప్పరు. లక్షల జీతమున్న పైలట్లు కూడా సరిగ్గా అక్కడే ఓడిపోయారు.