చెరువు మాన్యం నుంచి హరిత పద్దు దాకా

తెలుగునేల మీద ప్రకృతిని కాపాడే బాధ్యత పంచాయతీ చట్టాల కన్నా చాలా పాతది. కాకతీయుల నాడు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు వెలిశాయి. శాశ్వత పుణ్యాన్నిచ్చేవిగా ఎంచిన సప్తసంతానాల్లో తటాకానికీ చోటు దక్కింది. కడప సీమలోని 1369 నాటి పోరుమామిళ్ల శాసనం వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు శ్రమించి చెరువు కట్టిన వైనాన్ని, మంచి చెరువుకు ఉండవలసిన అంగాలను, ఉండరాని దోషాలను ఏకరువు పెట్టింది. మరమ్మతులకు దశబంధ మాన్యాలనే ఇనాం భూములుండేవి. తూము తీసి నీరు పారించడానికి రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరడి ఉండేవాళ్లు. గట్టు మీది తాటిచెట్లు, చెరువు గర్భమైన శిఖంలోని పచ్చిక, నీటిని నమ్ముకున్న కొంగలు ఆ కట్టుబాటు చలవతోనే బతికాయి.

ఆంగ్లేయుల పాలనలో ఆ ముడి సడలింది. ఊరంతా కలిసి చేసుకునే కుడిమరామత్తు సన్నగిల్లడంతో 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. ఆచారంగా సాగిన పని ఆజ్ఞగా మారింది. స్వాతంత్ర్యానంతరం భారీ ప్రాజెక్టులు, వాటి వెనుక బోరుబావులు వచ్చాక చెరువు మీద ధ్యాస తగ్గింది. పూడిక పెరిగి, శిఖం భూములు ఆక్రమణల పాలయ్యాయి.

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ అసలు మలుపు. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో చిన్న నీటిపారుదల, సామాజిక అడవులు చేరాయి. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, నేల, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. అదే ఏటి కేంద్ర జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలని నిర్దేశించింది; ఊరి చెట్టుచేమల, జీవజాతుల వివరాలతో ప్రజా రిజిస్టరు రాయాలని ఆ చట్టం కింది నియమాలు చెప్పాయి.

రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పూడికతీతను, హరితహారం మొక్కల పెంపకాన్ని తలకెత్తుకున్నాయి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీ పెట్టాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను పంచాయతీ మీద ఉంచింది. 2019 నాటి పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత పద్దుగా పచ్చదనానికి కేటాయించమంది.

పూర్వం చెరువు నిలిచింది దానికంటూ ఒక ఆదాయం, దాన్ని చూసుకునే ఒక మనిషి ఉన్నందువల్ల. నేటి చట్టాలు ఆ రెంటినీ మరో రూపంలో తిరిగి తెచ్చాయి. ఇక మిగిలింది అడిగే ఊరు. తెలంగాణలో రెండు నెలలకోసారి జరగవలసిన గ్రామసభలో మొక్కల లెక్కా, చెరువు హద్దుల లెక్కా అడగడం మన హక్కు. అడుగుదాం.