ఆపరేషన్‌కు ముందు ఆ మూడు నెలలు



మన తిరువళ్ళూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరి 12న ప్రారంభమైంది. 1895లో అదే తేదీన భీమవరంలో పుట్టినవారు యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలో 1940లలో వచ్చిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆయన 1948లో కన్నుమూశారు. ఆ మందు మాత్రం చాలా దూరం వెళ్ళింది.

1980లలో న్యూయార్క్ వైద్యులు మూత్రాశయ క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్‌తో పాటు మరో మూడు మందులు కలిపి ఇవ్వసాగారు. వీటిని ఆపరేషన్‌కు ముందే ఇస్తే మేలు జరుగుతుందా అని అమెరికాలో 317 మందితో పరీక్ష చేసి, 2003లో ఫలితం ప్రకటించారు. నేరుగా ఆపరేషన్ అయినవారిలో సగంమంది 46 నెలలు దాటి బ్రతికితే, ముందు కీమో తీసుకున్నవారిలో సగంమంది 77 నెలలు దాటి బ్రతికారు. క్యాన్సర్ మూత్రాశయం కండరంలోకి పాకినప్పుడు ముందు సుమారు మూడు నెలలు కీమో, తర్వాత ఆపరేషన్ అనే పద్ధతి అలా బలపడింది. మందులు కొన్ని మారినా వరుస అదే.

ఆ మూడు నెలలు మనిషికి తేలిక కాదు. గడ్డ ఇంకా లోపలే ఉందన్న భయం ఒకవైపు. మూత్రాశయం తీసేస్తే పొట్ట మీద సంచి కట్టుకుని తిరగాలేమోనన్న బెంగ ఇంకోవైపు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, మాట తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్ళం ‘కీమో వల్లే’ అనుకుంటాం. సగం నిజమే. మిగతా సగం డిప్రెషన్ కావచ్చు. ఈ జబ్బు ఉన్నవారిలో ఆత్మహత్య ముప్పు మామూలు జనంలో కంటే ఎక్కువని అమెరికా అధ్యయనాలు చూపాయి.

క్యాన్సర్ వైద్యంలో మనసు సంగతి ఆలస్యంగానే వచ్చింది. చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారి పట్టుదలతో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో మొదలైంది. న్యూయార్క్‌లో డాక్టర్ జిమ్మీ హాలండ్ క్యాన్సర్ రోగుల మనసు కోసం ప్రత్యేక విభాగం నెలకొల్పింది 1977లో.

మనకు ఇంకో చిక్కు ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. అప్పటినుంచి మన పెద్దలకు ఇంటి భాష ఒకటి, ఆఫీసు, ఆసుపత్రి భాష ఇంకొకటి. ఎలక్ట్రిక్ ట్రైనెక్కి చెన్నై వెళ్ళే పెద్దాయన నొప్పి ఎక్కడో తమిళంలో చక్కగా చెబుతారు. దిగులు చెప్పుకోవడానికి మాత్రం అమ్మ భాషే నోటికొస్తుంది. అందుకే అడగాల్సింది ఇంట్లోవాళ్ళం.

‘ఈ రెండు వారాలుగా ఏ పని మీదా ఆసక్తి పోయిందా? మనసు దిగులుగా, ఆశ లేనట్టు ఉంటోందా?’ ఈ రెండు ప్రశ్నలు తెలుగులో అడగండి. ‘ధైర్యంగా ఉండు’ అని వెంటనే మాట తెంచకండి. అవునంటే చికిత్స చేస్తున్న డాక్టరుకు చెప్పండి. డిప్రెషన్‌కూ వైద్యం ఉంది. 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, టెలి మానస్ సేవ తెలుగులోనూ ఉంది. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరన్నా అంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తోడు కావాలంటే మాకు చెప్పండి, వస్తాం.