తరాల సేద్యం: గోదావరి డెల్టాలో కుటుంబ కమతం

కుటుంబ కమతం చరిత్రను నీరు, వారసత్వం, సాగు అనే మూడు కోణాల్లో పరిశీలిద్దాం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో మాగాణి విస్తరించింది. అయితే నీరు పెరిగినా నేల పెరగదు. తరతరాల పంపకాలతో కమతాలు చిన్నవయ్యాయి. ఉమ్మడి ఆస్తిలో కుమారులకున్న జన్మహక్కు ఒకప్పుడు కుమార్తెలకు ఉండేది కాదు. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ అప్పటికి పెళ్లికాని కుమార్తెలకు, 2005 నాటి కేంద్ర సవరణ కుమార్తెలందరికీ ఆ హక్కు కల్పించాయి.

నేటి పునరుద్ధరణ అంటే నేలకు మళ్లీ సారం చేర్చడం. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లడం, పచ్చిరొట్ట కలియదున్నడం అందుకు మార్గాలు. వీటి ఫలితం ఒక్క పంటతో పూర్తిగా అందదు. వచ్చే ఏడు ఆ చేను తనకు ఉంటుందో లేదో తెలియని కౌలురైతు ఆ శ్రమ ఎందుకు పడతాడు?

మీ ఊరి అడంగల్ చూడండి. పట్టాదారు, అనుభవదారు ఒకరేనా? కుమార్తెల పేర్లున్నాయా? మీ కుటుంబ చరిత్రకు అదే తొలి ఆధారం.