పద్యరచనకు తొలిమెట్టు

పద్యము వ్రాయగోరు బాలబాలికలు మొదట నడుగు ప్రశ్న "ఏ ఛందోగ్రంథము చదువవలెను?" అనునది. ముప్పదియేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పినవాడ నగుటచే నీ ప్రశ్న నేను పలుమారులు వింటిని. దీనికి మన సారస్వతచరిత్రయే సమాధానము చెప్పుచున్నది. దానిని మీకు మనవిచేసెదను.

తెలుగున లక్షణగ్రంథములకు కొదువ లేదు. కవిజనాశ్రయము, అనంతామాత్యుని ఛందోదర్పణము, 1656లో కాకునూరి అప్పకవి పూనిన అప్పకవీయము తరతరములుగా కవులకు తోడై యున్నవి. వీరు లక్షణమును పద్యములలోనే చెప్పిరి. సూత్రముతోపాటు పద్యపు నడకయు నాలుకకు పట్టవలెనని వారి యాశయముగా నాకు తోచును.

అయినను నాటి బాలున కవి తొలిపాఠములు కావు. వీధిబడిలో గుణింతములు ముగిసిన పిమ్మట శతకపద్యములు వల్లించుచుండిరి. సుమతీశతకమున కందములు, వేమన్నయందు ఆటవెలదులు, భాస్కర, దాశరథీ శతకములలో ఉత్పలమాలలు, చంపకమాలలు. పెద్దలు నీతికొఱకు నేర్పిరి. నీతి వెంట నడకయు వచ్చి చేరెను. భగణ రగణముల పేర్లు వినకమున్నే ఉత్పలమాల యెచ్చట సాగునో, యెచ్చట నిలుచునో బాలుని చెవి యెఱుగును. పిదప ఛందస్సు చదువుట యనగా తెలిసినదానికి పేరు పెట్టుకొనుటయే.

ఇందుకు భిన్నమైన త్రోవ సి. పి. బ్రౌను దొరది. ఆయన 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చెను. 1827లో తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించు గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. బాల్యమున తెలుగు పద్యము వినని పరదేశీయునకు లక్షణము ఊతకోల యగుట సహజము. కాని నేటి మన పిల్లలును పద్యము వినకయే పెరుగుచున్నారు. తమ భాషలోనే పరదేశీయులై, గణముల పట్టికతో నారంభించి, నాలుగు దినములకే విసిగి విడుచుచున్నారు. నా దిగులంతయు నిదియే.

కందమునే చూడుడు. "కందము చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అని సామెత. అన్నియు నాలుగు మాత్రల గణములే. బేసి పాదమున మూడు, సరి పాదమున నైదు. బేసి గణము జగణము కారాదు. ప్రతి యర్ధమునను ఆఱవది జగణమో నలమో కావలెను; చివర గురువుండవలెను. యతిప్రాసలు సరేసరి. ఇన్నింటిని వేళ్లపై లెక్కించుచు కూర్చున్నచో భావము పాఱిపోవును. ఇరువది కందములు గొంతెత్తి చదివినవాడో, జగణము తప్పుచోట పడినంతనే ఆ తడబాటును వినును.

చెవి కుదిరిన పిమ్మట సమస్యాపూరణము మంచి మెట్టు. అవధానములలో దీనిని మనము వినోదముగా చూతుము. తిరుపతి వేంకటకవులు దానికి ఊరూర ఆదరము తెచ్చిరి. విద్యార్థికిది అభ్యాసము కూడ. చివరి పాద మొకరిత్తురు. వృత్తమును ప్రాసయు దానితోనే వచ్చును. తక్కిన మూడు పాదములకు భావము సమకూర్చుటయే అతని పని.

ఛందస్సు తీరిపోయిన ముచ్చట గదా యని కొందఱందురు. 1910లో ముత్యాలసరములను వెలయించిన గురజాడ అప్పారావుగారు పాతవృత్తముల నెఱిగినవారే. మూడు, నాలుగు మాత్రల నడకపై క్రొత్త గతిని నిలిపిరి. పాతనడక వినినచెవియే క్రొత్తనడకను కనిపెట్టగలిగెను.

కావున నాయనలారా, అమ్మలారా, దినమున కొక్క పద్యమును బిగ్గరగా చదివి కంఠస్థము చేయుడు. నెల గడచిన పిమ్మట మీ యింటి ముంగిటి చెట్టుపై నొక కందము కట్టుడు. లక్షణగ్రంథమును అప్పుడు తెఱచి, తప్పులు దిద్దుకొనుడు.