ఇంటిల్లిపాదినీ నవ్వించిన 'అద్రక్ కే పంజే'

అల్లం కొమ్మును ఎప్పుడైనా గమనించారా? ఒక కణుపు పక్కనుంచి ఇంకోటి, దాని పక్కనుంచి మరోటి చేతివేళ్లలా పుట్టుకొస్తూనే ఉంటాయి. మన హైదరాబాదీ కళాకారుడు బబ్బన్ ఖాన్ పెద్ద ఖాందాన్ గురించి డ్రామా రాసి, దానికి 'అద్రక్ కే పంజే' అని పేరు పెట్టారు.

1965లో రవీంద్రభారతిలో మొదలైన ఆ డ్రామా 2001 దాకా నడిచింది. పదివేలకు పైగా షోలు పడ్డాయి. సముందర్లు దాటి వెళ్లింది, గిన్నిస్ బుక్కులోకీ ఎక్కింది. రాసిందీ, డైరెక్ట్ చేసిందీ, హీరో వేషం కట్టిందీ బబ్బన్ ఖానే.

కథ చాలా చిన్నది. రాము అనే గుమాస్తాకు ఎనిమిది మంది పిల్లలు. తన్ఖా చాలదు, కర్జ్ తీరదు. అలాంటి ఇల్లు లేని మొహల్లా ఆ రోజుల్లో ఎక్కడుంది? పిల్లల సంఖ్య మీద జోక్ వెయ్యాలంటే పచ్చిమాటల దారి చాలా సులువు. కానీ ఈ కథకు ఇరుసు ఇంటి ఖర్చు. అందుకే అమ్మీ, అబ్బా, బచ్చేలు ఒకే వరుసలో కూర్చుని నవ్వుకోగలిగారు. హయా పోకుండా నవ్వించడం అంటే ఇదే.

డ్రామా జుబాన్ మన దఖ్ని. 'నక్కో', 'హౌ', 'కైకు' అని మనం ఇంట్లో మాట్లాడుకునే బోలీ. అదే 1965లో వచ్చిన 'గుమ్‌నామ్' సినిమాలో మహమూద్ ఈ యాసతోనే దేశాన్నంతా నవ్వించాడు. అయితే అక్కడది బట్లర్ భాష. బబ్బన్ ఖాన్ స్టేజీ మీద మాత్రం హీరో భాష. అప్పటికి హైదరాబాద్‌లో మిజాహ్‌కు మంచి మాహోల్ ఉంది. 1962లో 'జిందాదిలానే హైదరాబాద్' పుట్టింది, 1968లో 'షుగూఫా' పత్రిక వచ్చింది. సులేమాన్ ఖతీబ్ లాంటి షాయర్లు దఖ్నిలోనే గరీబుల కష్టాన్ని నవ్వుగా మలిచారు.

ఇక్కడ ఇంకో సంగతి. సర్కారు 1952 నుంచే కుటుంబ నియంత్రణ కార్యక్రమం నడుపుతోంది. ఎమర్జెన్సీ రోజుల్లో అదే పని జబర్దస్తీగా మారింది. నస్‌బందీ పేరు వింటేనే జనం పారిపోయారు. 1976లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చారు, ఎదురుతిరిగిన వాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఖౌఫ్ మన బస్తీల్లో ఏళ్ల తరబడి పోలేదు. బబ్బన్ ఖాన్ చెప్పిందీ చిన్న కుటుంబం మాటే. కానీ జనం టికెట్ కొనుక్కుని మరీ వచ్చి విన్నారు. హుకూమత్ లాఠీతో చెప్పించలేనిది ఒక కళాకారుడు నవ్వుతో చెప్పాడు.

హీరో పేరు రాము అని మర్చిపోవద్దు. ముసల్మాన్ రచయిత, దఖ్ని మాట, రాము ఇల్లు. ఆ ఇంట్లో హిందువూ ముసల్మానూ ఇద్దరూ తమ గరీబీనే చూసుకున్నారు. ఇవాళ 'వాళ్లకు పిల్లలెక్కువ' అనే మాటను మన మీదికి విసిరి నవ్వుతున్నారు. ఒక కౌమ్ ఇంకో కౌమ్‌ను ఎగతాళి చేయొద్దని సూరె హుజురాత్ మనకు నేర్పుతుంది. బబ్బన్ ఖాన్ ఎగతాళి చేసింది ఏ కౌమ్‌నూ కాదు. తన్ఖాకూ ఖర్చుకూ మధ్య నలిగే మనిషి అవస్థను అందరి ముందూ పెట్టారు, అంతే.

స్టేజీ నాటకం చూసినవాళ్ల యాదిలోనే బతుకుతుంది. మీ ఇంట్లో ఆ డ్రామా చూసిన దాదీయో నానాయో ఉంటే ఈ జుమ్మా రోజు భోజనాల దగ్గర అడగండి. ఏ సీన్‌కు ఎక్కువ నవ్వారో వాళ్ల బోలీలోనే చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టండి.