పచ్చదీపం లేని ప్లాట్‌ఫారాలు

కాజీపేట–బల్లార్షా లైన్లో చిన్న చిన్న స్టేషన్లకు మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. బెర్లిన్‌లో అమ్మాయి గోడ ముక్కలన్నీ తిప్పి చూపించింది గానీ, నా కాళ్లు కదలనిది నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్లోనే.

1961 ఆగస్టు 13న తెల్లారేసరికి తూర్పు జర్మనీవాళ్లు ముళ్లకంచె వేసి ఊరిని రెండు చేశారు. నేలమీద కంచె సరే, సొరంగంలో బండ్ల మాటేమిటి? ఈ స్టేషనున్న ఉత్తర–దక్షిణ లైను పశ్చిమ బెర్లిన్‌లో బయల్దేరి, తూర్పు కిందుగా దూరి, మళ్లీ పశ్చిమాన తేలుతుంది. అందుకని బండ్లను ఉంచి స్టేషన్లను మూసేశారు. ఈ సొరంగంలో అలా మూతపడ్డవి నాలుగు. పైకొచ్చే దారులకు గోడలు కట్టేశారు. జనం వాటిని దయ్యాల స్టేషన్లన్నారు. తూర్పువాళ్ల మ్యాపుల్లో అసలు ఆ లైనే లేదు.

ఇంకో విడ్డూరం. పశ్చిమాన కూడా ఈ బండ్లు నడిపింది 1984 దాకా తూర్పు జర్మనీ రైల్వేయే! టికెట్ డబ్బులు ముళ్లకంచెకు పోతాయని అక్కడివాళ్లు చాలామంది బస్సులెక్కారు.

ఆగని బండి నాకు కొత్త కాదు. అర్ధరాత్రి ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంటే పచ్చదీపం పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇంజన్లోంచి డ్రైవరూ, చివరి పెట్టెలోంచి గార్డూ తిరిగి చూపేవారు. దుమ్ము కళ్లల్లో పడినా ఆ రెండో దీపం చూసేదాకా కదిలేవాణ్ణి కాదు. ఇక్కడ స్టేషన్లో పెట్టిన ఎగ్జిబిషన్ చెప్పేది వేరే కాపలా. మసక వెలుతురులో తుపాకీ పట్టిన మనిషి బండి వంక చూస్తుంటాడు. పక్కన ఇంకొకడు. ఒకడు పట్టాల వెంట పారిపోతే రెండోవాడు ఆపాలి కదా!

తూర్పులో ఒక్క ఫ్రీడ్రిష్‌ష్ట్రాసెలో మాత్రం బండి ఆగేది. పశ్చిమం వాళ్లు అక్కడ బండి మారేవారు, ప్లాట్‌ఫారం మీది కొట్లో పన్నులేని మందూ సిగరెట్లూ కొనుక్కునేవారు. పైన, తూర్పు చుట్టాలు వాళ్లను సాగనంపిన హాలుకు కన్నీళ్ల మహలని పేరు. ఇప్పుడది మ్యూజియం.

1989 నవంబరు 9న గోడ తెరుచుకుంది. నోర్డ్‌బాన్‌హోఫ్‌లో బండి ఆగింది మాత్రం 1990 సెప్టెంబరులో. పది నెలలా అని అమ్మాయి ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యం లేదు. ఇరవై తొమ్మిదేళ్లు మూతపడ్డ స్టేషన్‌ను నా చేతికిస్తే నేనూ తొందరపడను.

మా బండి వచ్చింది. ఎక్కి, తలుపు మూసుకుంటుంటే తల బయటికి పెట్టబోయాను. అమ్మాయి చెయ్యి పట్టి లాగింది.

"ఇక్కడ జెండా ఎవరూ ఊపరు నాన్నా."