సెలా: గాయకుల కొరకు వ్రాసిన గుర్తు

నరసన్నపేటకు ఉత్తరముగా సారవకోట, పాతపట్నములు దాటి పోయినచో వచ్చు పర్లాకిమిడి సీమయందు 1803లో జన్మించి, 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి, క్రైస్తవ భక్తిని మన కీర్తన సంప్రదాయములో పోసి పాడిన వాగ్గేయకారుడు. ఆయన రచనలు నేటికిని ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటములో రాగతాళముల పేర్లతో అచ్చుపడుచున్నవి. చరణాంతమున నిలువుగీతల నడుమ పల్లవి తొలిపదము కనబడును. అది చరణభావములో కలియు మాట కాదు. పాడువాడు పల్లవికి మరలవలెనను సూచన. అట్టి గుర్తే యొకటి హెబ్రీ కీర్తనల గ్రంథమందును గలదని నా విశ్వాసము. అదియే ‘సెలా’.

ఈ పదము 39 కీర్తనలలో 71 మారులును, హబక్కూకు గ్రంథము మూడవ అధ్యాయమున 3 మారులును వచ్చును. పైకెత్తుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినదనియు, స్వరమునో వాద్యమునో హెచ్చింపుమని దాని భావమనియు కొందరు పండితులందురు. క్రీస్తుకు పూర్వమే కీర్తనలను గ్రీకులోనికి తెచ్చిన యూదులు దీనిని ‘దియాప్సల్మ’ యనిరి. గానమధ్యమున వచ్చు విరామమని దానికి సాధారణముగా చెప్పు అర్థము. యూదుల ప్రార్థనలలో మాత్రము ‘నిత్యము’ అను నర్థము స్థిరపడెను. హెబ్రీ మూలమునుండి లాటినునకు అనువదించినపుడు జెరోము దానినే గ్రహించెను. భక్తులకు ఈ యర్థము మనోహరమే. కాని ఆ 39 కీర్తనలలో 31 ‘ప్రధానగాయకునికి’ అను శీర్షిక గలవి; హబక్కూకు ప్రార్థన చివరను సైతము ప్రధానగాయకుడును, తంత్రీవాద్యములును ప్రస్తావింపబడిరి. గాయకుని చేతి ప్రతిలో గాయకునికే యుద్దేశించిన సంజ్ఞ యుండుట సహజము గదా! 46వ కీర్తనను చూడుడు: 7, 11 వచనములలో ఒకే పల్లవివంటి వాక్యము రెండుమారులు వచ్చి, రెండుమారులును దాని వెంటనే సెలా నిలిచినది. 3, 9, 24, 46 కీర్తనలు ఆ పదముతోనే ముగియుట వట్టి విరామమను నర్థమునకు చిక్కు తెచ్చును. కడపటి చరణము పిదపను పల్లవి నెత్తుకొను మనవారికి అది వింతగా తోచదు.

క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును ధ్వంసము చేయుటతో అచట పాడు లేవీయుల గానమునకు ఆశ్రయము పోయినది. లేఖకులు మాత్రము ఆ సంజ్ఞను విడువక ప్రతులలో వ్రాయుచు వచ్చిరి.

తెలుగునకు బైబిలు గ్రంథము విశాఖపట్టణము త్రోవను వచ్చినది. 1805లో అచట దిగిన లండన్ మిషనువారు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజిలు ఆనందరాయరు సాయముతో ఆరంభించిన పని ఫలించి, మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. పాతనిబంధన తెలుగగుటకు ఇంకను దీర్ఘకాలము పట్టెను. మన సంఘములలో వాడుకలోనున్న అనువాదమున ఈ పదమునకు అర్థము కట్టక ‘సెలా’ యనియే కుండలీకరణములలో నిలిపిరి. తెలియని చోట ఊహను శాస్త్రముగా చెలామణి చేయని ఆ సంయమనము నాకెంతయు గౌరవపాత్రముగా తోచును. సభలో కీర్తనను చదువువారు దీనిని ఉచ్చరింపవలెనా యని యడిగినచో, పలుకుట దోషము కాదుగాని, అచట ఒక్క క్షణమాగి తరువాతి వచనమునకు సాగుట గాయకుల ఉద్దేశమునకు మరింత చేరువయని నేననుకొందును.